దిద్దిన పేపరు పిల్లలకు చూపించండి, మంత్రిగారూ

ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెబుతాను. యూనివర్సిటీ పిలిస్తే వాల్యుయేషన్‌కూ వెళ్తాను. కాబట్టి పిల్లల పేపర్లు దిద్దడంలో జరిగే తప్పుల్లో నా తప్పూ ఉంది.

పోయిన సెమిస్టర్ మిడ్ పరీక్షలో ఒక బీమ్ (దూలం) లెక్క ఇచ్చాను, 10 మార్కులకు. దూలం లోపలి బలాలను చూపే షియర్ ఫోర్స్, బెండింగ్ మూమెంట్ డయాగ్రామ్‌లు గీయాలి. ఒకమ్మాయి మొదట్లోనే సపోర్టు రియాక్షన్ (దూలాన్ని ఆనించిన చోట వచ్చే ఎదురు బలం) తప్పు కట్టింది. ఆఖరి జవాబు నా కీతో కలవలేదని 2 వేసి పేజీ తిప్పేశాను. పేపర్లు ఇచ్చాక టేబుల్ దగ్గరకొచ్చి, "సార్, రియాక్షన్ ఒక్కటే తప్పు. ఆ విలువతో మిగతా స్టెప్పులన్నీ కరెక్టే, చూడండి" అంది. వేలు పెట్టి ఒక్కో స్టెప్పూ చూపించింది. నిజమే. 7 వేశాను. సిగ్గేసింది.

ఇదే పని నేను యూనివర్సిటీ పెట్టే ఎక్స్‌టర్నల్ పేపర్లో చేసి ఉంటే? ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు. సాయంత్రానికి కళ్లు లాగుతుంటాయి, ఆ రోజు కోటా మిగిలే ఉంటుంది. అక్కడ టేబుల్ దగ్గరకొచ్చి అడిగే పిల్ల ఉండదు.

రీవాల్యుయేషన్ ఉందిగా అంటారు మీ అధికారులు. మా కుర్రాడొకడు రెండు మార్కుల్లో పోయి, డబ్బు కట్టి, వారాల తరబడి రిజల్ట్ పేజీ చూసుకున్నాడు. వచ్చింది 'నో చేంజ్'. ఏ ప్రశ్నకు ఎన్ని వేశారో ఎవరూ చెప్పరు.

మన చర్చంతా కాలేజీలో మేమే వేసే ఇంటర్నల్స్‌కు ఎన్ని మార్కులు, ఎక్స్‌టర్నల్‌కు ఎన్ని అన్నదాని మీదే. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నిబంధనల్లో (ఆర్18) 25, 75గా ఉన్నదాన్ని 2022 నిబంధనల్లో (ఆర్22) 40, 60 చేసింది. మంచిదే. (ఇంటర్నల్స్ ఎంత ధారాళంగా వేస్తామో మాత్రం నన్నడక్కండి.) ఆ 60 ఎలా వచ్చాయో, ఎలా పోయాయో రాసినవాడికి తెలియనప్పుడు లెక్క మార్చి ఏం లాభం?

దిద్దిన జవాబు పత్రం చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఇంటర్ బోర్డు రీవెరిఫికేషన్ ఫీజు కట్టినవాళ్లకు స్కాన్ కాపీ ఇస్తోంది. ఇంటర్ పిల్లలకు ఇచ్చేది బీటెక్ పిల్లలకు ఇవ్వడానికి ఏం అడ్డం? స్క్రీన్ మీద దిద్దే చోట స్కాన్లు ఎలాగూ సర్వర్లో ఉన్నాయి.

రిజల్ట్‌తో పాటే ఆ స్కాన్‌నూ, ఏ స్టెప్పుకు ఎన్ని మార్కులో చెప్పే స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్‌నూ విద్యార్థి లాగిన్‌లో పెట్టించండి, ఉచితంగా. ఏ ప్రశ్న మీద అభ్యంతరమో రాయడానికి ఓ పది రోజులు ఇవ్వండి. మాకు తలనొప్పి పెరుగుతుంది, ఒప్పుకుంటాను. పెరగనివ్వండి.

ఆ కుర్రాడు ఇప్పుడు సప్లీకి చదువుతున్నాడు. "ఎక్కడ తప్పు రాశాను సార్?" అని మొన్న కూడా అడిగాడు. ఆ పేపరు నేనూ చూడలేదు.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజనీరింగ్ అధ్యాపకుడు