క్రియాటినిన్ ఒక్కటే చాలదు

సంపాదకులకు,

నగరంలో రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) నార్మల్ అని రాగానే కిడ్నీలకు ఢోకా లేదనుకునే షుగర్ రోగులు ఎందరో. కిడ్నీల పని దాదాపు సగం తగ్గేదాకా అది నార్మల్‌గానే కనిపించవచ్చు. చక్కెర కిడ్నీల్లోని సన్న రక్తనాళాల గోడల్ని దెబ్బతీస్తే ముందు మూత్రంలోకి జారేది అల్బుమిన్ అనే ప్రోటీన్. మూత్రపరీక్షలో గ్రాము క్రియాటినిన్‌కు అది 30 మిల్లీగ్రాములు దాటితే, 3 నుంచి 6 నెలల్లోపు ఆ పరీక్ష మళ్లీ చేయించి నిర్ధారించుకోవాలి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మాత్రం వద్దు, లెక్క తప్పుతుంది.

కళ్లజోళ్ల షాపులో అక్షరాలన్నీ చదివినంత మాత్రాన రెటీనా (కంటి లోపలి పొర) బాగున్నట్టు కాదు. టైప్ 2 షుగర్ బయటపడగానే కంట్లో కనుపాపను పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి (ఆ పూట బండి తీయకండి). పాదాల స్పర్శ చూడటానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగు (మోనోఫిలమెంట్) చాలు, నిమిషాల పని. కానీ కిక్కిరిసిన ఓపీలో చెప్పులు విప్పమనేవారేరీ?

– మధుమేహ వైద్యులు, సికింద్రాబాద్