తెలుగు ప్యాక్‌కు సర్కిల్ అడ్డమా?

సంపాదకుల వారికి,

పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో టీవీ అంతా ఇక ట్యాబ్‌లోకి వచ్చేసిందని రాశారు. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఎలా వచ్చిందో కూడా నాలుగు ముక్కలు రాయాల్సింది.

మా అమ్మకు 82 ఏళ్లు. మోకాళ్ల నొప్పులతో హాల్లోకి రాలేదు. మంచం దగ్గరే చూసుకుంటుందని ట్యాబ్ కొన్నాం. దానికి సిమ్ ఉండదు, వైఫై ఒక్కటే. ఇంటర్నెట్ ఎక్కడి నుంచి వాడుతున్నామో యాప్‌కు తెలిపే ఐపీ చిరునామా మా లైనుకు భువనేశ్వర్‌దని చూపిస్తుంది. టీవీ కార్యక్రమాల యాప్ తెరిస్తే ఒడియా, హిందీ కార్యక్రమాలే ముందుకొస్తాయి. పోనీ తెలుగు కార్యక్రమాల చందా, అదే తెలుగు ప్యాక్, కొందామంటే మా ఫోను నంబరు ఒడిశా సర్కిల్‌ది (ఫోను సేవల కోసం దేశాన్ని విడదీసిన ప్రాంతాల్లో ఒకటి), జాబితాలో ఆ ప్యాకే కనపడదు. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం. అక్కడ మా మేనల్లుడి ఫోనులో అదే యాప్, అదే ప్యాక్ దొరుకుతోంది!

చివరికి విశాఖలో ఉన్న మా అబ్బాయి తన నంబరు మీద డబ్బు కట్టాడు. అక్కడితో తీరిందా? ఓటీపీ వాడి ఫోనుకే పోతుంది. వాడు డ్యూటీలో ఉంటే అమ్మ కాచుకుని కూర్చోవాలి. పైగా ఒకసారికి ఒక్క పరికరంలోనే చూడాలట. రాత్రి ఎనిమిదింటికి అమ్మ సీరియల్ పెడితే అక్కడ కోడలి ఫోనులో ఆగిపోతుంది, కోడలు నొక్కితే ఇక్కడ ఆగిపోతుంది. ఖాతా వేరేచోట వాడుకలో ఉందని ఇంగ్లిషులో ఏదో వస్తుంది. అమ్మ ట్యాబ్ పాడైందనుకుని పక్కన పెట్టేస్తుంది. మా వీధిలో ఏ ఇంటి పిల్లలు ఇక్కడున్నారు? బతుకుతెరువుకు విశాఖో హైదరాబాదో పోతే ఒక కుటుంబం కాకుండా పోతుందా?

మూడుసార్లు ఫిర్యాదు చేశాను. ‘మీ ప్రాంతంలో అందుబాటులో లేదు’ అన్నదే జవాబు. డబ్బు కట్టించుకునే ముందు ఈ మాట చెప్పరేం?

కేబులే నయం. 2019 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల వల్ల కావలసిన ఛానెల్‌ను ప్రకటించిన ధరకు విడిగా తీసుకోవచ్చు. యాప్‌లకు ఆ నిబంధనలు వర్తించవు. 2021 ఐటీ నియమాలతో అవి కేంద్ర సమాచార ప్రసార శాఖ కిందికి వచ్చాయి గానీ, ఏ భాష ప్యాక్ ఏ సర్కిల్‌లో అమ్మాలన్నది కంపెనీల ఇష్టానికే వదిలేశారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. మనుషులు ఇక్కడే ఉన్నారు, ఇంట్లో మాట్లాడుకునే తెలుగూ ఇక్కడే ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు, వాడుక భాష కోసం పోరాడారు. ఏటా ఆగస్టు 29న ఆయన విగ్రహాలకు దండలు వేసే పెద్దలు ఆయన మసలిన ఊరివాళ్లను ఎప్పుడైనా పలకరించారా? తెలుగు మాస్టారు రిటైరైతే ఆ ఖాళీ నింపరు, తెలుగు పుస్తకం కావాలంటే పాతపట్నం బస్సెక్కాలి. ఇప్పుడు టీవీ కూడానా?

దేశంలో ఎక్కడున్నా నచ్చిన భాష ప్యాక్ కొనుక్కోనివ్వాలి. ఎన్ని పరికరాల్లో చూడవచ్చో డబ్బు కట్టకముందే తెలుగులో చెప్పాలి. మీ విలేకరిని ఒక్కసారి రాత్రి ఎనిమిదింటికి మా ఇంటికి పంపండి, అమ్మ పక్కన కూర్చోబెట్టి చూపిస్తాను.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా