ఈ వేసవి నుంచి మన స్విట్జర్లాండ్ టూర్ మారుతోంది, ఎందుకో చెప్తాను

అందరికీ నమస్కారం. పాత కస్టమర్లు చాలామంది ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. బాగా నడుస్తున్న నాలుగు దేశాల యూరప్ ప్యాకేజీ ఎందుకు తీసేశారండీ, దాని బదులు పెట్టిన సాస్-అల్మాగెల్ అనే ఊరు ఎక్కడిది, ఎప్పుడూ పేరే వినలేదే అని. ఒక్కొక్కరికీ చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

ఆ ఊరు స్విట్జర్లాండ్ దక్షిణాన వాలే రాష్ట్రంలో, దాదాపు 1,670 మీటర్ల ఎత్తున ఉంటుంది. విస్ప్‌లో రైలు దిగి పసుపు పోస్ట్‌బస్ ఎక్కితే లోయ పొడవునా పైకి తీసుకెళ్తుంది. స్విస్ స్కీయింగ్ చాంపియన్ పిర్మిన్ జుర్‌బ్రిగ్గెన్ 1963లో పుట్టింది అక్కడే. మంచు ఆటలు మనకు దూరం కాబట్టి ఆయన పేరు మనలో చాలామందికి తెలియదు, కానీ 1980లలో ఆల్పైన్ స్కీయింగ్, అంటే మంచు కొండ మీద నుంచి స్కీలపై కిందికి దిగే పోటీలు, చూసినవాళ్లెవరినైనా అడగండి. కొండ మీద నుంచి తిన్నగా దూసుకొచ్చే డౌన్‌హిల్‌లో గెలిచేవాళ్లు వేరు, గేట్ల మధ్య మెలికలు తిరుగుతూ దిగే స్లాలమ్‌లో గెలిచేవాళ్లు వేరు. ఈయన ఆ రెండింటితో పాటు గేట్లు ఇంకాస్త దూరంగా ఉండే జెయింట్ స్లాలమ్, అంతకంటే వేగంగా సాగే సూపర్-జీ, డౌన్‌హిల్, స్లాలమ్ ఫలితాలు కలిపి చూసే కంబైన్డ్ అన్నిట్లోనూ వరల్డ్ కప్ రేసులు, అంటే సీజన్ పొడవునా జరిగే పోటీలు, గెలిచారు. మొత్తం 40.

నాకు ఆయన మీద గౌరవం పెరిగింది మాత్రం 1985 గురించి తెలిశాక. ఆ జనవరిలో ఆస్ట్రియాలోని కిట్జ్‌బ్యూల్‌లో, అన్నిటికంటే భయంకరమైనదని పేరున్న ట్రాక్ మీద, వరుసగా రెండు డౌన్‌హిల్ రేసులు గెలిచి, రెండోదాంట్లో మోకాలు దెబ్బతిని ఆపరేషన్ చేయించుకున్నారు. సుమారు మూడు వారాలకే ఇటలీలోని బోర్మియోలో ప్రపంచ చాంపియన్‌షిప్. మన ఇళ్లల్లో మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు మూడు వారాలకి ఎలా ఉంటారో మీకు తెలుసు. ఈయన డౌన్‌హిల్ స్వర్ణం, కంబైన్డ్ స్వర్ణం, జెయింట్ స్లాలమ్ రజతం పట్టుకుని వచ్చారు.

1987లో సొంత రాష్ట్రంలోనే, క్రాన్-మోంటానాలో, రెండు స్వర్ణాలు, రెండు రజతాలు. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్‌లో అందరికంటే ముందు దిగిన సాటి స్విస్ ఆటగాడు పీటర్ ముల్లర్ టైమింగ్‌ని 0.51 సెకన్ల తేడాతో దాటి స్వర్ణం కొట్టారు. తర్వాత కంబైన్డ్‌లో కూడా ముందున్నారు, స్లాలమ్ రెండో రన్‌లో పడిపోయారు, పతకం పోయింది. ఆ దెబ్బ తర్వాత కూడా జెయింట్ స్లాలమ్‌లో నిలబడి కాంస్యం తెచ్చుకున్నారు.

సీజన్ మొత్తానికి ఇచ్చే ఓవరాల్ వరల్డ్ కప్ 1984, 1987, 1988లలో గెలిచి, 1990లో నాలుగోసారి కూడా గెలిచి, ఆ ఏడాదే రేసింగ్ మానేశారు. వయసు 27. ఓడిపోతూ మానలేదు, గెలుస్తూనే మానేశారు. తర్వాత పట్టుకున్న పని హోటల్ నడపడం! తల్లిదండ్రులది కూడా అదే వృత్తి. జెర్మాట్‌లో కుటుంబంతో కలిసి హోటల్ నడిపారు, పుట్టిన ఊళ్లో ఆయన పేరుతోనే కుటుంబానికి చెందిన హోటల్ ఉంది. చెల్లెలు హైడీ 1997 ప్రపంచ చాంపియన్‌షిప్ డౌన్‌హిల్‌లో రజతం గెలిచింది, కొడుకు ఎలియా కూడా వరల్డ్ కప్‌లో పోటీపడ్డాడు. వచ్చినవాళ్లకి గది, భోజనం సరిగ్గా చూసుకోవడమే బతుకుతెరువుగా ఉన్న నాలాంటివాడికి, ప్రపంచమంతా తిరిగి గెలిచిన మనిషి మళ్లీ ఈ పనిలోకే రావడం ఎంత ధైర్యాన్ని ఇస్తుందో మాటల్లో చెప్పలేను.

ఆ ఊరి చరిత్ర ఇంకోటి కూడా ఉంది. పైన మాట్‌మార్క్ డ్యామ్ కడుతుండగా 1965 ఆగస్టు 30న అల్లాలిన్ హిమానీనదం విరిగి కింద పనివాళ్ల షెడ్ల మీద పడింది. 88 మంది చనిపోయారు, సగానికి పైగా ఇటలీ నుంచి కూలికి వచ్చినవాళ్లే. ఇప్పుడు ఆ జలాశయం చుట్టూ నడిచే దారి ఉంది, మన గ్రూపు ఒక రోజంతా అక్కడే గడుపుతుంది. ఊరికే ఫొటోలు దిగి బస్సెక్కే చోటు కాదది.

ఇక అసలు విషయం. రోజుకో ఊరు, తెల్లవారుజామున సూట్‌కేసులు సర్దడం, పెద్దవాళ్లు బస్సులోనే అలిసిపోవడం, ఇవన్నీ ఇక నా చేత చేయించకండి. కొత్త టూర్‌లో ఒకే లోయలో బస. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు, కాబట్టి అన్నం, పప్పు, చారు టెన్షన్ లేదు. కార్లు తిరగనివ్వని సాస్-ఫే అనే ఊరు పక్కనే, దాని పై హిమానీనదం మీద వేసవిలోనూ స్కీ జట్లు ప్రాక్టీసు చేస్తుంటాయి.

ధర పాతదానికంటే ఎక్కువ, గ్రూపు చిన్నది కాబట్టి తప్పదు, తగ్గించమని అడగొద్దు. జుర్‌బ్రిగ్గెన్ గారిని కలిపిస్తానని నేనెవరికీ మాట ఇవ్వట్లేదు, మన బస కూడా ఆయన హోటల్లో కాదు. షాపింగ్ ముఖ్యం అనుకునేవాళ్లకి ఈ టూర్ నచ్చదు, ముందే చెప్తున్నాను. పాత ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టినవాళ్లకి పూర్తి డబ్బు వెనక్కి వస్తుంది, కొత్తదానికి మారాలనుకుంటే ఆ అడ్వాన్స్ ఇందులోకి వేస్తాం. ఏది కావాలో ఆఫీసు నంబరుకి వాట్సాప్ చేయండి, వీసా కాగితాలు మొదలుపెట్టేలోపు చెప్తే చాలు.