గోల్ఫ్ విభాగం వార్షిక నివేదిక 2024: ఐరన్ల సెట్టు ఎంపిక

సభ్యులందరికీ నమస్కారం.

డాలస్ ప్రాంతంలోని తెలుగువారి కోసం మన సంఘం నడిపే గోల్ఫ్ విభాగం ఈ ఏడాది ఎక్కువగా ఐరన్ల (సన్నటి లోహపు తల, దాని మీద అంకె ఉండే క్లబ్బుల) మీదే పనిచేసింది. శనివారం ఆటలు, టోర్నమెంట్లు ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఫలితాలు మీకు అప్పటికప్పుడే అందాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. కొత్తగా చేరినవారు, పాత సెట్టు మార్చాలనుకుంటున్నవారు పదేపదే అడిగిన ప్రశ్న ఒక్కటే: ఏ ఐరన్లు కొనాలి? కంపెనీ పేరు చెప్పి ఊరుకోవడం కంటే ఎలా ఎంచుకోవాలో చెప్పడం మేలని కమిటీ భావించింది. రేంజ్‌లో (సాధన మైదానంలో) పెట్టిన శిక్షణ తరగతుల్లో చెప్పిన విషయాల సారం ఇది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది లాఫ్ట్, అంటే క్లబ్బు ముఖం వెనక్కి వాలిన కోణం. మామూలుగా ఐరన్ అంకె తగ్గేకొద్దీ లాఫ్ట్ తగ్గి, దూరం పెరుగుతుంది. సోల్ (క్లబ్బు అడుగుభాగం) మీద రాసిన అంకెను నమ్మవద్దు. పాత సెట్లలో 7 ఐరన్ లాఫ్ట్ 34 నుంచి 36 డిగ్రీలు ఉండేది. ఇప్పుడు గేమ్ ఇంప్రూవ్‌మెంట్ రకంలో (సరిగ్గా తగలకపోయినా షాట్ మరీ పాడవకుండా చేసినవాటిలో) అది 28 నుంచి 30 డిగ్రీలే. షాపులో కొత్త 7 ఐరన్ మీ పాతదానికంటే 15 గజాలు ఎక్కువ కొట్టిందంటే అందులో మీ ప్రతిభ కన్నా ఆ ఆరు డిగ్రీల వాటాయే పెద్దది. ఒక విధంగా చూస్తే మీరు కొట్టింది 6 ఐరన్, కొన్నిసార్లు 5 ఐరన్ కూడా. ఇందులో మోసమేమీ లేదు. హెడ్ (క్లబ్బు తల) బరువును కిందికి దించడం వల్ల తక్కువ లాఫ్ట్‌తోనూ బంతి పైకి లేస్తుంది. కానీ స్పిన్ తగ్గుతుంది. మన వేసవి ఎండకు గట్టిపడ్డ గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీద తక్కువ స్పిన్‌తో పడ్డ బంతి ఆగదు, వెనక రఫ్‌లోకి (పొడవు గడ్డిలోకి) దొర్లిపోతుంది. అందుకే లాంచ్ మానిటర్ (షాట్‌ను కొలిచే యంత్రం) మీద దూరంతోపాటు బంతి దిగే కోణం కూడా చూడండి. 7 ఐరన్‌తో అది 45 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. 40 కంటే బాగా తగ్గితే ఎక్కువ లాఫ్ట్ ఉన్న మోడల్ అడగండి.

తక్కువ లాఫ్ట్ తెచ్చే రెండో చిక్కు సెట్టు చివర్లో బయటపడుతుంది. ఇలాంటి సెట్లలో పిచింగ్ వెడ్జ్ (9 ఐరన్ తర్వాత వచ్చే, దగ్గరి షాట్ల క్లబ్బు) 43 డిగ్రీల దగ్గర ఉంటుంది. సంచిలో ఇప్పటికే ఉన్న సాండ్ వెడ్జ్ 56 డిగ్రీలు. మధ్యలో 13 డిగ్రీల ఖాళీ. పిచింగ్ వెడ్జ్‌తో 110 గజాలు కొట్టేవారికి తర్వాతి క్లబ్బు 80 గజాలే పోతుంది. 95 గజాల దగ్గర ఏం తీయాలో తెలియక సగం స్వింగ్‌తో అంచనాగా కొడతారు. స్కోరు పోయేది అక్కడే. ఆ సెట్టుతో వచ్చే 48 డిగ్రీల గ్యాప్ వెడ్జ్‌ను కూడా కలిపి కొని, ఆపైన 54 డిగ్రీలది పెట్టుకుంటే మెట్లు సరిపోతాయి. గ్యాప్ వెడ్జ్‌ను విడిగా కొనకుండా సెట్టులోదే తీసుకోమనడానికి కారణం ఉంది: పూర్తి స్వింగ్‌తో కొట్టే క్లబ్బు కాబట్టి షాఫ్ట్ (క్లబ్బు కర్ర) బరువు, హెడ్ తీరు మిగతా ఐరన్లలాగే ఉండాలి.

పొడవైన ఐరన్ల వైపు దీనికి భిన్నమైన చిక్కు. తక్కువ లాఫ్ట్ సెట్టులో 5 ఐరన్ 22 డిగ్రీలు, అంటే దాదాపు పాతకాలపు 3 ఐరన్. స్వింగ్ వేగం తక్కువైతే 5, 6 ఐరన్ల మధ్య దూరం తేడా ఐదారు గజాలకు పడిపోతుంది. పరీక్ష సులభం: రెండింటితో పదేసి బంతులు కొట్టి, మంచివాటి సగటు క్యారీ (బంతి గాలిలో వెళ్లిన దూరం) చూడండి. తేడా పది గజాలు లేకపోతే 5 ఐరన్ డబ్బు హైబ్రిడ్ (పొడవైన ఐరన్‌కు బదులు వాడే, బంతిని తేలిగ్గా లేపే క్లబ్బు) మీద పెట్టండి. నిబంధనల ప్రకారం సంచిలో 14 క్లబ్బులకు మించి ఉండకూడదు కాబట్టి పనికిరాని ఐరన్‌కు చోటివ్వడం నష్టమే.

షాఫ్ట్ విషయంలో ఎక్కువమంది ఫ్లెక్స్ (షాఫ్ట్ వంగే గుణం) అక్షరం దగ్గరే ఆగిపోతారు. రెగ్యులర్, స్టిఫ్ అన్న పేర్లకు కంపెనీలన్నిటికీ కలిపి ఒకే ప్రమాణం లేదు. ఒకరి రెగ్యులర్ మరొకరి స్టిఫ్‌కు సమానం కావచ్చు. బరువు నుంచి మొదలుపెట్టండి. డైనమిక్ గోల్డ్ లాంటి బరువైన స్టీల్ షాఫ్ట్ 130 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, ఎన్ఎస్ ప్రో 950 వంటివి 100 గ్రాముల లోపు, గ్రాఫైట్ ఇంకా తేలిక. షాఫ్ట్ బరువైతే మొదటి తొమ్మిది హోల్స్ బాగానే సాగి, చివరి హోల్స్‌లో కుడిచేతి ఆటగాళ్ల బంతులు కుడికి జారతాయి. మరీ తేలికైతే చేతులు తొందరపడి బంతి ఎడమకు పోతుంది. మోచేతి నొప్పి ఉన్నవారు గ్రాఫైట్‌ను ముసలివాళ్ల వస్తువని తీసిపారేయకండి.

లై కోణాన్ని (షాఫ్ట్ నేలతో చేసే కోణాన్ని) ఇంట్లోనే చూసుకోవచ్చు. బంతి మీద వైట్‌బోర్డు మార్కర్‌తో మందంగా ఒక గీత గీసి, అది నిలువుగా ఫేస్ (క్లబ్బు ముఖం) వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ఫేస్ మీద అచ్చుపడ్డ గీత గ్రూవ్‌లకు (ఫేస్ మీది అడ్డగాడులకు) లంబంగా ఉంటే సరే. గీత పైకొస టో (హెడ్ చివర) వైపు వాలితే లై నిటారుగా ఉన్నట్టు, కుడిచేతి ఆటగాళ్ల బంతి ఎడమకు పోతుంది. హీల్ (షాఫ్ట్ కలిసే చోటు) వైపు వాలితే చదునుగా ఉన్నట్టు, కుడికి పోతుంది. లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్బుల్లో ఈ దోషం ప్రభావం ఎక్కువ. ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన) కార్బన్ స్టీల్ హెడ్‌ను షాపులో రెండు డిగ్రీల వరకు తేలిగ్గా వంచుతారు. గట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ పోతపోసినవి వంచేటప్పుడు విరగవచ్చు, ముందే అడగండి. లాఫ్ట్ తగ్గించడానికి వంచితే ప్రతి డిగ్రీకీ బౌన్స్ (సోల్ నేలలోకి దిగబడకుండా కాచే కోణం) కూడా దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుందని మరవకండి.

సోల్ వెడల్పు మన నేలను బట్టి చూడాలి. ఇక్కడి నల్ల బంకమట్టి ఎండితే రాయి. చలికాలంలో బెర్ముడా గడ్డి నిద్రపోయి పలచబడుతుంది. నేలను కోసుకుంటూ కొట్టేవారికి వెడల్పు సోల్ మేలు చేస్తుంది. ఊడ్చినట్టు కొట్టేవారికి అదే సోల్ గట్టినేల మీద ఎగిరి, బంతి నడుముకు తగులుతుంది. ఇండోర్ మ్యాట్ ఈ తేడాను పూర్తిగా దాచేస్తుంది. బంతికి అంగుళం వెనక తగిలినా క్లబ్బు జారి మంచి షాట్‌లా కనిపిస్తుంది. అందుకే డెమో ఐరన్‌ను గడ్డి మీద కొట్టకుండా డబ్బు కట్టవద్దని కమిటీ గట్టిగా చెబుతోంది.

క్రికెట్ నుంచి వచ్చినవారికి ఒక మాట. కుడిచేత్తో రాసి, ఎడమచేతి వాటంగా బ్యాటింగ్ చేసేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లు కుడిచేతి సెట్టు కొనేముందు రెండు వైపులా కొట్టి చూడాలి. మహిళా సభ్యులకు షాపుల్లో నేరుగా లేడీస్ సెట్టు చూపించేస్తారు. అది సాధారణంగా ఒక అంగుళం పొట్టి, షాఫ్ట్ మెత్తన. ఎత్తుగా ఉన్నవారికీ వేగంగా స్వింగ్ చేసేవారికీ అది సరిపోదు.

వాడిన సెట్లు కొనడాన్ని ప్రోత్సహిస్తున్నాం. ఐరన్ల డిజైన్ రెండు మూడేళ్లలో మారిపోయేది కాదు. స్టీల్ షాఫ్ట్ 7 ఐరన్ 37 అంగుళాల దగ్గర ఉందా, ఎవరైనా కోశారా, పొడిగించారా చూడండి. గ్రూవ్ అంచులు అరిగాయేమో గోటితో తడమండి. లాఫ్ట్, లై కొలిపించండి, ఒక్కో ఐరన్ ఒక్కోలా వంగి ఉండటం మామూలే. గ్రిప్పులు గట్టిపడి మెరుస్తుంటే మార్పిడి ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి. గ్రిప్ సైజుకు గుర్తు: పట్టుకున్నప్పుడు పైచేతి మధ్యవేలు, ఉంగరపువేలు అరచేతి మెత్తటి భాగాన్ని తేలిగ్గా తాకాలి.

వచ్చే ఏడాది వెడ్జ్‌లు, హైబ్రిడ్‌ల మీద ఇలాంటి తరగతులే పెడతాం. అందరికీ ఒకే సెట్టు కలిపి కొందామన్న ప్రతిపాదనను కమిటీ పక్కన పెట్టింది: తగ్గింపు దొరికినా లై, షాఫ్ట్ ఒకటే అయితే సగంమందికి కుదరవు. విభాగం దగ్గరున్న డెమో 7 ఐరన్లను సభ్యులు రెండు వారాలకు తీసుకెళ్లవచ్చు. ఇప్పటికే తీసుకున్నవారు హెడ్ మీద టేపు తీసేసి, గ్రూవ్‌లు కడిగి, జనవరి నెలాఖరులోగా తిరిగి ఇవ్వగలరు.