సంతకానికి వచ్చే భర్తలు

సంపాదకులకు నమస్కారం.

ఏఎన్ఎంగా (ఇంటింటికీ తిరిగే ఆరోగ్య నర్సుగా) పల్నాడు పల్లెల్లో ముప్పై ఏళ్లు తిరిగి రిటైరయ్యాను. రెండో కాన్పయిన తల్లులను కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్‌కు ఎంతమందిని తీసుకెళ్లానో లెక్కే లేదు. మగవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లు ఆస్పత్రికి వచ్చేది భార్య కాగితం మీద సంతకం పెట్టడానికే. నిజానికి ఆ సంతకం అక్కర్లేదని కేంద్రం మార్గదర్శకాలే చెబుతున్నాయి.

ఇదేదో మా మండలం సంగతి మాత్రమే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో దాదాపు 38 శాతం జంటల్లో భార్యకే ఆపరేషన్ అయింది. భర్త చేయించుకున్నవి 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల లెక్క 70 శాతం దాకా ఉంది.

ఆడవాళ్లకు పొట్ట తెరవాలి. మగవాళ్లకైతే అక్కడి వరకే మత్తు సూది వేసి, చిన్న రంధ్రంలోంచి వీర్యనాళాలు కత్తిరించి ముడేస్తారు. కోత లేని పద్ధతిలో కుట్లు కూడా ఉండవు. అరగంట లోపు పని. తన కాళ్ల మీద తానే ఇంటికి పోతాడు. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, వారం పాటు బరువులెత్తకపోతే చాలు.

అయినా "మా ఆయన మూటలు మోసే మనిషి నర్సమ్మా, నడుం పడిపోతే మేమేం తినాలి? నాకే చేయించు" అనేది భార్యే. వెనకాల అత్తగారు వంత. మగ హార్మోను ఆ నాళంలోంచి పోదు, నేరుగా రక్తంలో కలుస్తుంది, బలమూ కోరికా ఎక్కడికీ పోవని చెబితే తలూపేవారు. పేరు మాత్రం భార్యదే రాయించేవారు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే 60 లక్షల మందికి పైగా మగవాళ్లకు చేసిన ఆపరేషన్ల భయం మా పెద్దవాళ్లలో ఇంకా ఉండేది.

భయం ఒక్కటే కాదు, తప్పు మా వైపూ ఉంది. ఒకతను ధైర్యం చేసి చేయించుకున్నాడు. మూడు నెలల దాకా నాళంలో మిగిలిన వీర్యకణాలుంటాయని, పరీక్షలో లేవని తేలేదాకా నిరోధ్ వాడాలని అతనికి ఎవరూ చెప్పలేదు. రెండో నెలలోనే భార్య నెల తప్పింది. ఊరు ఆమెను అన్న మాటలు ఇక్కడ రాయలేను. నేను వెళ్లి అత్తింటివాళ్లను కూర్చోబెట్టి చెప్పేసరికే ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత పదేళ్లు ఆ ఊళ్లోంచి మరో మగవాడు రాలేదు.

ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను మన రాష్ట్రంలో 2024లో తీసేశారు. ఎంతమందిని కనాలో దంపతుల ఇష్టం, ఆ జోలికి నేను పోను. చాలనుకున్నాక ఎవరికి చేయాలన్నదే నా గొడవ.

ఏటా నవంబరు 21 నుంచి రెండు వారాలు వేసెక్టమీ (మగవాళ్ల కు.ని. ఆపరేషన్) పక్షోత్సవమని బ్యానర్లు కడతారు. మిగతా యాభై వారాల సంగతేమిటి? ప్రతి ఏరియా ఆస్పత్రిలో వారానికొక రోజు దీనికి కేటాయించాలి. ఏడో నెల చెకప్‌కు భార్యతో వచ్చిన భర్తను బయట బెంచీ మీద వదిలేయకుండా, మగ ఆరోగ్య కార్యకర్త ఒకరు పిలిచి మాట్లాడాలి. ఆపరేషన్ చేసి పంపేటప్పుడే మూడు నెలల తర్వాతి పరీక్ష తేదీని చీటీ మీద రాసి, భార్యాభర్తలిద్దరికీ చదివి వినిపించాలి.

- ఒక విశ్రాంత ఏఎన్ఎం, పల్నాడు జిల్లా