6 మిల్లీమీటర్ల కబురు

ఒరేయ్ కెప్టెన్,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, కోపం తెచ్చుకోకు. రోజూ రాద్దామనుకోవడం, రాత్రయ్యేసరికి చేతులు గాజుపీచు దురదతో పెన్ను పట్టనివ్వకపోవడం. ఇంట్లో అందరూ కులాసా. అమ్మ మోకాలు నయం. చిన్నది ఏడవకుండా బడికెళ్తోంది. అంతే. ఇక అసలు సంగతి విను.

మన విమానం ముక్కు దగ్గర, స్పిన్నర్‌కీ (అదే, ప్రొపెల్లర్ మధ్యలో ఉండే టోపీ) కౌలింగ్‌కీ (ఇంజన్ మీది తొడుగు) మధ్య సందు చుట్టూ కుదిరింది రా! ఎక్కడ కొలిచినా 6 మిల్లీమీటర్లు! మన నీలం స్కేలుతో కొలవలేదులే, కంగారుపడకు.

పోయినసారి చెప్పాను కదా, కౌలింగ్ రెండు సగాలూ బిగించి చూస్తే ఎడమవైపు సందు 2, కుడివైపు 9 అని. ఇంజన్ కూర్చునేది రబ్బరు దిమ్మల మీద. స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ గట్టిగా ఊగుతుంది. 2 మిల్లీమీటర్లంటే స్పిన్నర్ కౌలింగ్ అంచుని ఒరుసుకుపోవడం ఖాయం. ఆ టెన్షన్‌తో మూడు రాత్రులు నిద్ర లేదు. ఎడమ అంచుని రుద్ది సందు పెంచాలి, కానీ రుద్దేటప్పుడు చిల్లి పడిందంటే... వద్దులే, ఆ మాట ఇప్పుడెందుకు.

ఎడమవైపు ముందే రుద్దకుండా, లోపలివైపు గాజుపీచు గుడ్డ నాలుగు పొరలు వేశాను. గుడ్డని 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరిస్తే ఎలాంటి వంపులోనైనా ఒదిగిపోతుంది రా, చూడముచ్చటేసింది! అది గట్టిపడ్డాక, మాస్కు కట్టుకుని, బయటినుంచి 80 నంబరు ఉప్పుకాగితంతో రుద్దాను. పాత గోడ అరిగి, లోపలి కొత్త పొర నీడలా కనిపించేదాకా. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

కుడివైపు పూడ్చాలి కదా. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిళ్ల కోసి, ప్యాకింగ్ టేపు చుట్టి, స్పిన్నర్ వెనక పళ్లేనికి ఆనించాను. టేపుకి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అంటుకోదు. బిళ్లకీ కౌలింగ్‌కీ మధ్య మిగిలిన 3 మిల్లీమీటర్లలో ఎపాక్సీ, నూలుపొడి కలిపిన ముద్ద కూరాలి. ఆ ఎపాక్సీ ఒకేసారి ఎక్కువ కలిపి, లోతు కప్పులోనే వదిలేసి బిళ్ల సర్దుతున్నాను. వెనక్కి తిరిగితే కప్పులోంచి పొగ! వేడి బయటికి పోయే దారి లేక తనంతట తనే ఉడికిపోతోంది. బయటికి తీసుకుపోయి పెట్టాను, గుండె దడ ఓ పట్టాన తగ్గలేదు. రెండోసారి కొంచెమే కలిపి వెడల్పు పళ్లెంలో పరిచాను, నింపాదిగా పని చేసుకునేంత టైం ఇచ్చింది.

తెల్లారి బిళ్ల లాగితే టక్కున ఊడొచ్చింది. 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ వెనకభాగం సందులో పెట్టి చుట్టూ తిప్పాను. ఎక్కడా పట్టలేదు, ఎక్కడా వదులు లేదు. నువ్వు పక్కన లేవే అనిపించింది రా, నిజం. కళ్లలో నీళ్లొచ్చాయి.

ఇంకోటి, రబ్బరు కొన్నాళ్లకి కుంగుతుందని స్పిన్నర్‌ని ఓ పిసరు పైకే ఉంచాను, నువ్వు ఆ రోజు మెట్లమీద కూర్చుని చెప్పావు చూడు, అలాగే. ఇక సూదిమొన చిల్లుల సంగతి... అయ్యో, పొద్దున పూసిన ఎపాక్సీ వేలికి అంటీ అంటనట్టుంది, రెండో పూత ఇప్పుడే పడాలి, ఆలస్యమైతే మళ్లీ అంతా రుద్దాలి. ఉంటా.

నీ
గ్రౌండ్ క్రూ