చిన్నోడికి, వైరా నుంచి అమ్మ

చిన్నోడా,

నువ్వు ఫోన్ చేసి మూడు ఆదివారాలయింది. ఏం పంపినా బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటున్నావు. అందుకే ఇలా పొడుగ్గా రాస్తున్నా, చదవడానికైనా ఐదు నిమిషాలు ఒకచోట కూర్చుంటావని. విశేషాలేం లేవు, ఊరికే. గోంగూర పచ్చడి పట్టాను. మీ నాన్నకి షుగరు కాస్త అదుపులోకొచ్చింది. నిన్న చెరువు చేప తెచ్చారు, తోక ముక్క గిన్నెలో అలాగే మిగిలిపోయింది.

బోరింగు పిన్ని కూతురు లింక్డిన్‌లో ఏదో చూసిందట, నువ్వు ఉద్యోగం మానేసి సొంతంగా ఏదో పెడుతున్నావని. నేను నమ్మలేదులే. అలాంటిదేమన్నా ఉంటే ముందు నాకు చెప్పవూ? సరే, వదిలెయ్.

ఇక్కడ మళ్ళీ టిక్కెట్ల గోల. ఇవ్వకపోతే ఇండిపెండెంటుగా దిగుతానని ఒకాయన తిరుగుతున్నాడు, టీ కొట్టు దగ్గర సగం మంది "పార్టీ అన్యాయం చేసింది, మనోడికే వేద్దాం" అంటే, మిగతా సగం "గెలిస్తే మళ్ళీ అందులోకే పోతాడు, దానికి మన ఓటెందుకు" అంటున్నారు. రెండూ నిజమేరా. మన వైరా ఎమ్మెల్యే సీటు చూడనిదా? 2009లో సీపీఐ, 2014లో వైసీపీ, 2018లో ఇండిపెండెంటు, 2023లో కాంగ్రెస్. 2018లో కాంగ్రెస్ కూటమి పొత్తులో సీటు సీపీఐకి పోతే రాములు నాయక్ గారు కాంగ్రెస్ రెబల్‌గా నిలబడి రెండు వేల చిల్లర ఓట్లతో టీఆర్ఎస్ మీద గెలిచారు. పాత ఖమ్మం జిల్లా పది సీట్లలో టీఆర్ఎస్‌కి ఒక్కటే వచ్చిన ఏడాది అది. ఆయనేమో వెంటనే ఆ టీఆర్ఎస్‌లోనే చేరారు! పక్కింటి ముసలాయన వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు, "నేనెవరికి వేసినట్టు?" అని. తీరా 2023లో ఆ పార్టీ టిక్కెట్ ఇచ్చింది ఎవరికనుకున్నావు, 2018లో ఆయన చేతిలో ఓడిన మదన్‌లాల్ గారికి. ఆయనా ఓడిపోయారు, అది వేరే సంగతి.

ఈ మాటెత్తితే మీ నాన్న వి.వి. గిరిగారి దగ్గర మొదలుపెడతారు. 1969లో కాంగ్రెస్ రాష్ట్రపతి అభ్యర్థి సంజీవరెడ్డిగారైతే గిరిగారు ఇండిపెండెంటుగా నిలబడి నెగ్గారని, అదీ రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గానీ తేలలేదని. వెనకాల ఇందిరాగాంధీ ఉంటే అది ఇండిపెండెంటు ఎలా అవుతుందండీ అంటే పేపరు అడ్డం పెట్టుకుంటారు. నీ వెనకాల ఎవరున్నార్రా? అడుగుతున్నానంతే.

పెద్దమామయ్య ఎంపీటీసీకి నిలబడ్డది నీకు గుర్తుండదు, మూడో తరగతిలో ఉన్నావు. పదిహేనేళ్ళు జెండా మోశాడు, టిక్కెట్టేమో నిన్నగాక మొన్న వచ్చినవాడికిచ్చారు. రోషం వచ్చి నామినేషన్ వేసేశాడు. ఇండిపెండెంటుకి కుట్టుమిషన్ గుర్తు వచ్చింది. ఇంకేం, మా పుట్టింటోళ్ళు పెట్టిన నా మిషన్నే ట్రాలీ ఆటో ఎక్కించి, బంతిపూల దండేసి, మైకు పెట్టి ఊరంతా తిప్పారు. వద్దన్నా వినలేదు. వీధి వీధికీ దించడం, మామయ్య దాని ముందు కూర్చుని తొక్కడం, ఆడవాళ్ళు నవ్వడం. దారం లేకుండా తొక్కుతుంటే నా ప్రాణం గిలగిలలాడింది. అందరూ "మీకే అన్నా" అన్నారు. వడ్లు మరకి తోలాల్సిన టైములో ఆయన చేతులు జోడించుకుని తిరిగాడు, అత్త మాత్రం ఒక్కతే కళ్ళం దగ్గర. పంతొమ్మిది ఓట్లతో పోయింది. మిషను ఇంటికొచ్చేసరికి బెల్టు తెగి ఉంది, బాబిను పెట్టే డబ్బీ లేదు, బల్ల మీద ఎవరో బీడీ ఆర్పిన మచ్చ. ఆ మచ్చ ఇంకా ఉంది. నెల్లాళ్ళు చేతికుట్టే కుట్టాను.

ఎవరికీ చెప్పనిది నీకు చెప్తున్నా. ఎలక్షన్ డ్యూటీ అని మీ నాన్నకి పోస్టల్ బ్యాలెట్ వచ్చింది కదా, భోజనాల బల్ల మీద పరీక్షలో పిల్లాడిలా చెయ్యి అడ్డం పెట్టుకుని నింపారు. నేను చారు పోస్తూ చూశాను. కుట్టుమిషన్‌కి కాదు. మామయ్య దగ్గర నోరు జారకు, ఇద్దరూ ఇప్పటికీ కలిసే టీ తాగుతారు.

అంటే నువ్వు ఏదో చేస్తున్నావని కాదు. ఒకవేళ ఎవరన్నా అలా ఆలోచిస్తుంటే, నీ స్నేహితులెవరైనా అనుకో, మీకే అన్నా అన్నవాళ్ళని లెక్కలో వేసుకోవద్దని చెప్పు. ఎమ్మెల్యే ఎలక్షన్లో గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి నామినేషన్ మీద ఒక్కరి సంతకం చాలు, ఇండిపెండెంటుకి పదిమందివి కావాలి, గుర్తు చేతికొచ్చాక ప్రచారానికి మిగిలేది కొద్ది రోజులే. ఏడాది ఖర్చులకి డబ్బు బ్యాంకులో ఉందా, ఫ్లాటు వాయిదా ఎవరు కడతారు, నాన్న స్టెంటుకి నీ కంపెనీ ఇన్సూరెన్స్ వచ్చింది, అది మానేసిన రోజే పోతుందా లేక కొన్నాళ్ళుంటుందా, అవన్నీ కాగితం మీద రాసుకోమను. మేనేజరుతో పోట్లాడి మాత్రం రావద్దు, రేపు ఎదురుపడాల్సిన మొహాలే అవి. ఇదిగో, చెప్పనంటూనే మొదలుపెట్టాను, నాన్న ఇందుకే నన్ను హెడ్మాస్టరంటారు.

రాత్రి పెరుగన్నం తింటున్నావా? ఆ వీడియోలో చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది, చిక్కిపోయావు. కొత్త మిషన్ మీద రెండు చొక్కాలు బిగించి పంపుతా, కొలత పంపు.

పచ్చడి సీసా ప్యాక్ చేసి పెట్టాను, మూతకి టేపు కూడా వేశాను. ఎప్పుడూ ఆఫీసు అడ్రసుకే కదా పంపేది. ఈసారి కూడా ఆఫీసుకేనా, లేక రూముకి పంపమంటావా? ఆ ఒక్క ముక్క రాయి. బొమ్మ పెట్టకు.

అమ్మ